ఉప్పు తేలిన చేను

జనవరి 28

పొద్దున్నే పంచాయతీ గోడ మీద నిన్నటి అంకెలు తుడిచి కొత్తవి రాశాను. రేడియోలో ప్రపంచ లెక్క చదువుతున్నంతసేపూ సుద్దముక్క పట్టుకుని నిలబడాలి. ఏ రంగమైనా తన పాడుకాలంలో గాలిలోకి విడిచిన పొగను నూరు అనుకుంటే, ఇప్పుడు ఎంత విడుస్తోందన్నది లెక్క. కరెంటు రెండు. రవాణా ఐదు. ఉక్కు పదకొండు. సిమెంటు పద్దెనిమిది. సేద్యం నలభై ఒకటి.

గోడ ఎదుట టీ తాగేవాళ్ళు ముందు అంకెలు పట్టించుకోరు. ఆఖరుది రాసేటప్పుడే గ్లాసులు ఆగుతాయి.

“మళ్ళీ మనవేనా?” అన్నాడొకాయన.

“మనం కాపోతే ఎవరండీ? బొగ్గోళ్ళు మానేరు, పెట్రోలోళ్ళు మానేరు. అన్నం తినేవోళ్ళం మిగిలేం,” అన్నాడు టీకొట్టు అతను.

నవ్వారు గానీ ఎవరూ తలెత్తి గోడ కేసి చూడలేదు. మా ఊళ్ళో ఎవరిని అడిగినా సేద్యం అంకె చెబుతారు, పరీక్ష తప్పిన పిల్లాడి మార్కులు చెప్పినట్టు, గొంతు తగ్గించి.

అంకెలు రాశాక నా పని చేలలో. నిలవ నీటి అడుగున బురద కుళ్ళి గ్యాసు విడుస్తుంది కనుక ప్రతి చేనునూ కొన్నాళ్ళు తడపాలి, కొన్నాళ్ళు ఆరగట్టాలి. చేలో పాతిన చిల్లుల గొట్టంలోకి వంగి నీరు జానెడు దిగిందో లేదో చూడడం, దిగకపోతే రైతును మందలించడం నా ఉద్యోగం. దాని పేరు గాలి కాపలా. ఊళ్ళో నన్ను గాలి రత్నం అంటారు. ఊరి గ్యాసు గుంట కూడా నా చేతికిందే ఉంది. గడ్డీ, పేడా, చేపల చెరువుల చెత్తా అందులో పులిసి, రబ్బరు దుప్పటి కింద పొంగి, గొట్టాల్లో ఇంటింటి పొయ్యికీ వస్తుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సోమేశం పొయ్యి ముందు విసుక్కుంటున్నాడు. మా ఇంట్లో వంట మా ఆయనే చేస్తాడు.

“మంట నీరసంగా వత్తందే. ఎసరు కాగి చావట్లేదు. ఆ గుంట కేసి ఓసారి చూడు.”

“చూస్తాలే,” అన్నాను.

చూడలేదు. అప్పుడే జిల్లా నుంచి నస్రీన్ గారు ఫోన్ చేశారు. ఆవిడ జిల్లాలోని గాలి కాపలాలందరి మీదా అధికారి. ఉపగ్రహం పటంలో మా లంకలపర్రు మీద ఎర్రటి మచ్చ పడిందట. రెండు వారాలుగా చెరగడం లేదట.

“మీ ఊళ్ళో ఎక్కడో బురద గ్యాసు ధారాళంగా పోతోంది, రత్నమాలా. ఫిబ్రవరి ఆఖరుకు మచ్చ పోకపోతే మీ కాలవ నీటి వంతు సగానికి కోస్తారు. నా చేతుల్లో లేదు.”

ఈ దాళ్వా రెండో పంటకు వంతు సగమైతే ఊరంతా ఎండుతుంది. పొయ్యి సంగతి మరిచిపోయాను.

ఫిబ్రవరి 2

మూడు రోజులుగా పొద్దున్నే చేతి మీటరు పట్టుకుని దక్షిణపు చేల గట్ల మీద తిరుగుతున్నాను. మచ్చ వాటి మీదే ఉంది. ఊరి చివర గ్యాసు గుంట, దానికి తూర్పున మా ప్రెసిడెంటు పద్మనాభరాజు గారి చేను, ఆ తర్వాత పల్లంలో నేలపూడి ఆశీర్వాదం కౌలుకు చేస్తున్న చేను. ఆ రెండు చేలలోనూ మీటరు గట్టిగా అరిచింది.

రాజుగారి చేలో అరిచినప్పుడు, పక్క చేలోంచి గాలి తోలుకొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. ఆశీర్వాదం చేలో అరిచినప్పుడు, దొరికింది అనుకున్నాను.

సముద్రం మా పాత ఊరిని తీసుకున్నప్పుడు మా నాన్నా ఆశీర్వాదమూ ఒకే పడవలో సామాన్లు చేరవేశారట. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఇవాళ ఆయన గట్టు మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. అంటించడు, ఊళ్ళో పొగ తాగడం ఎప్పుడో మానేశారు. ఊరికే పళ్ళ మధ్య పెట్టుకుంటాడు.

“ఏటమ్మాయ్, మూడు రోజుల్నించీ నా గట్టు మీదే తిరుగుతున్నావు?”

“మీటరు అరుస్తోంది బాబాయ్. నీళ్ళు నిలవేస్తున్నావా?”

“గొట్టం చూసుకో. జానెడు దిగిందా లేదా?”

చూశాను. దిగింది.

“రెండుసార్లు ఆరగట్టేను,” అన్నాడు. “ఇంతకంటే ఆరబెడితే అడుగునున్న ఉప్పు పైకి తేలద్ది. పైన మంచినీళ్ళు బరువుగా ఉంటేనే అది కిందుండేది. సముద్రం పక్క చేను కదమ్మా ఇది.”

నా కళ్ళతో నేను చూసిన గొట్టాన్ని నేను నమ్మలేదు. నేనొచ్చే రోజు తెలుసుకుని ముందే నీళ్ళు వదిలేస్తున్నాడు అనుకున్నాను. పద్మనాభరాజు గారి గొట్టంలోకి మాత్రం వంగి చూడనేలేదు.

ఫిబ్రవరి 5

పంచాయతీ దగ్గర సభ పెట్టారు. మచ్చ సంగతి చెప్పగానే గోల మొదలైంది. ఎవరి చేనో చెప్పమన్నారు. నేను చెప్పాను.

ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు. “నేను నిలవెయ్యలేదండీ. అమ్మాయి గొట్టం చూసింది. చెప్పమ్మా, నువ్వే చెప్పు.”

“ఆ వేళకి నీరు దిగే ఉంది,” అన్నాను. “అంతకుముందు సంగతి నాకు తెలీదు.”

నేనన్నది అబద్ధం కాదు. కానీ దాని పని అబద్ధం చేసే పనే. అందరూ ఆయన కేసి తిరిగారు.

“చూడు ఆశీర్వాదం,” అన్నారు పద్మనాభరాజు గారు. మెత్తని మనిషి, గొంతు పెంచరు. “నీ ఒక్కడి పంట కోసం ఊరందరి వంతూ పోగొట్టుకోలేం కదా. మచ్చ చెరిగేదాకా నీ తూము మూసేస్తాం. తప్పుగా అనుకోకు.”

“మూత్తే ఉప్పు తేలద్దండి. చేను చచ్చిపోద్ది.”

“ఉప్పూ ఉప్పూ అని అందరూ చెప్పేదేనయ్యా,” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

పేరు చదవాలని కూడా తీర్మానించారు. మా ఊళ్ళో ఎవరైనా గడ్డి తగలబెట్టినా, డీజిలు ఇంజను దాచినా, పొద్దున అంకెల తర్వాత మైకులో వాళ్ళ పేరు చదువుతాం. జరిమానా ఉండదు. అయినా రెండు మూడు రోజుల్లో ఇంజను కాలవ గట్టుకు తెచ్చి అప్పగించేవారు. మా ఊరు పొగ మానింది ఆ మైకు భయంతోనే. దానికి గర్వపడేవాళ్ళలో నేనే ముందుండేదాన్ని.

ఫిబ్రవరి 6

అంకెలు చదివాక మైకులో, “ఊరికి మచ్చ తెచ్చినవారు, నేలపూడి ఆశీర్వాదం,” అని చదివాను. బాబాయ్ అని నోటికొచ్చే అలవాటు. దాన్ని ఆపుకోవడానికి పేరుకు ముందు కాసేపు ఆగాల్సి వచ్చింది.

తర్వాత వెళ్ళి తూము తిప్పి తాళం వేశాను. ఆయన రాలేదు. ఆయన కూతురు కెజియా వచ్చింది. కాలవలో బ్యాటరీ లాంచీ నడుపుతుంది, రోజూ నన్ను ఎక్కించుకునేది.

“అక్కా, మీటరు తప్పు చెప్పదా?” అని అడిగింది.

“చెప్పదు.”

“నువ్వో?”

నేను తాళం చెవి జేబులో వేసుకున్నాను. అదేదో అడ్డదిడ్డం ప్రశ్న అన్నట్టు ముఖం పెట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 15

ఆశీర్వాదం చేను తెల్లబడింది. మొదట గట్ల వారన సన్నగా, మంచు పడ్డట్టు. తర్వాత మొక్కల మొదళ్ళ చుట్టూ. ఆకుల కొనలు పసుపెక్కి, సుళ్ళు తిరిగి, కాలిన కాగితంలా అయిపోయాయి. వేలితో నేల మీద రాసి నాలుకకు అద్దుకున్నాను. ఉప్పు. ఆయన చెప్పింది చెప్పినట్టే తేలింది.

ఆయన టీకొట్టుకు రావడం మానేశాడు. కెజియా లాంచీ మా రేవు దగ్గర ఆగినప్పుడు ఎక్కేవాళ్ళు తగ్గారు. నిన్న ఒకావిడ, “మచ్చోళ్ళ లాంచీ అంట, తర్వాతది వత్తది ఉండు,” అని కూతుర్ని వెనక్కి లాగింది. నేను పక్కనే ఉన్నాను.  నేనూ ఎక్కలేదు. ఎక్కి ఆ పిల్ల ఎదురుగా కూర్చోవడానికి ముఖం చెల్లలేదు.

మచ్చ మాత్రం చెరగలేదు. నస్రీన్ గారు పటం పంపారు. బొట్టు పెట్టినట్టు అక్కడే ఉంది.

“పూర్తిగా ఆరాలి కదా, ఇంకో నాలుగు రోజులు పడుతుంది,” అని ఆవిడకు చెప్పాను. అడుగు దాకా బీటలు తీసిన చేను గురించి ఆ మాట చెప్పాను. పొద్దున మళ్ళీ ఆయన పేరు చదివాను.

ఫిబ్రవరి 19

పొద్దుటి పూట ఆశీర్వాదం చేలో తిరుగుతుంటాడు, ఏం మిగిలిందో చూసుకుంటూ. ఎదురుపడలేక ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ చూసి వెళ్ళాను. ఇన్నాళ్ళూ నేను పొద్దున తప్ప మీటరు పట్టింది లేదు.

చేను మధ్యలో నిలబడ్డాను. మీటరు కిమ్మనలేదు. బ్యాటరీ చూశాను, బాగానే ఉంది. చేను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఏమీ లేదు. పద్మనాభరాజు గారి చేలోకి వెళ్ళాను. అక్కడా లేదు. సముద్రం మీది నుంచి గాలి వీస్తోంది, నా చీర కొంగు పడమటికి ఎగురుతోంది.

నా కొంగును నేనే కాసేపు చూస్తూ ఉండిపోయాను. పొద్దుటి గాలి నేల మీది నుంచి, పడమటి నుంచి వస్తుంది. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి తిరగబడుతుంది. ఇక్కడ పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. పొద్దున ఈ రెండు చేలలో అరిచిన గ్యాసు, వాటికి పడమటి నుంచి వచ్చి ఉండాలి. తూర్పున పల్లంలో ఉన్న ఆశీర్వాదం చేలోంచి రాజుగారి చేలోకి గాలి ఎలా తోలుతుంది? ఆ మాట అనుకున్నప్పుడు నేను గాలి ఎటు వీస్తోందో కూడా చూడలేదు. నా ఉద్యోగం పేరే గాలి కాపలా.

గుంట దాటి పడమటి పక్క రోడ్డెక్కగానే మీటరు గోలపెట్టింది.

గుంట మీద రబ్బరు దుప్పటి అంచులు చుట్టూ తవ్విన నీటి కాలవలోకి దిగి, మెత్తిన బంకమట్టిలో పాతి ఉంటాయి. గ్యాసు బయటికి రాకుండా ఆ మట్టీ నీళ్ళూ కాస్తాయి. వెనకవైపు, తుంగ మొలిచి ఎవరూ వెళ్ళని మూల, ఆ నీళ్ళు ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడుతున్నాయి. ఎండ్రకాయలు మట్టిని తొలిచి బొరియలు పెట్టాయి. వారానికోసారి ఈ మూల చూసి మట్టి మెత్తాల్సింది నేనే. జనవరిలోనే ఇటు రావడం మానేశాను, మచ్చ భయంలో పడి ఈ నెలంతా చేలనే కాచాను. మంట నీరసంగా ఉందని సోమేశం చెప్పినప్పుడు లేచి నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది.

చీర ఎగదోపి కాలవలో దిగాను. బంకమట్టి తెచ్చి బొరియల్లో కూరి, పైన రాళ్ళు పెట్టి తొక్కాను. పొద్దు వాలేసరికి బుడగలు ఆగాయి. ఒంటినిండా బురదతో ఇంటికి పోతుంటే దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. గుంట శుభ్రం చేశానని చెప్పాను.

సోమేశం అన్నం వడ్డిస్తూ, “మంట నిటారుగా వత్తంది. ఏం చేసేవేంటి?” అన్నాడు. అతనికీ అదే చెప్పాను.

ఫిబ్రవరి 22

పొద్దున అంకెల తర్వాత ఆశీర్వాదం పేరు చదివాను. నిన్నా చదివాను, మొన్నా చదివాను. ఈ మూడుసార్లూ నాకు తెలిసి చదివాను.

చదవకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. మచ్చ నిజంగా పోతుందో లేదో తేలాక చెబుదామని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మైకు దగ్గర నా గొంతు మామూలుగానే ఉంది. కనీసం వణికి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 24

మచ్చ పోయింది.

నస్రీన్ గారు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. అదే పూట రేడియోలో సేద్యం నలభై అయింది. ఏ దేశంలో ఏ చేలు మారితే ఆ ఒక్క పాయింటూ దిగిందో గానీ, మా ఊళ్ళో మాత్రం అది మా ఘనతే అన్నట్టు చప్పట్లు కొట్టారు. టీకొట్టు అతను డబ్బులు తీసుకోకుండా అందరికీ టీ పోశాడు. పద్మనాభరాజు గారు నా మెడలో బంతిపూల దండ వేశారు.

“మొహమాటపడకుండా కచ్చితంగా నిలబడింది కాబట్టే వంతు దక్కిందండీ. ఆడపిల్లయినా గుండె గట్టిది,” అన్నారు.

దండ మెడలో ఉండగానే నస్రీన్ గారు మళ్ళీ చేశారు. “రత్నమాలా, మంచి పని చేశావు. సముద్రపు వార ఇంకో రెండూళ్ళలో ఇలాంటి మచ్చలే ఉన్నాయి. అక్కడా కౌలు రైతులు ఉప్పు అంటూ వంకలు చెబుతున్నారు. మీ ఊరు చూపించి తూములు మూయించేస్తున్నాను. శుక్రవారం మూస్తారు.”

“సరేనండీ,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నా నోట్లోనే ఉంది. ఆ రెండూళ్ళలో ఎవరివో తెల్లబడబోయే చేలు కళ్ళకు కట్టాయి. దండ తీసి సైకిలు బుట్టలో పడేశాను. ఇంటికి వెళ్ళి సోమేశానికి అంతా చెప్పాను. అతను పొయ్యి కట్టేసి నాకేసి తిరిగాడు.

“నాకెందుకు చెప్తున్నావు?” అన్నాడు. “నీళ్ళు కట్టేసింది నాకు కాదు కదా.”

ఫిబ్రవరి 25

ఆశీర్వాదం ఇంటికి వెళ్ళాను. ఆయన వసారాలో వల అల్లుతున్నాడు. పంట పోయింది కనుక కాలవలో చేపలు పట్టుకుందామని. కెజియా అన్నం తింటోంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“బాబాయ్, మచ్చ నీ చేనుది కాదు. గ్యాసు గుంటది. ఎండ్రకాయలు తొలిచేసినాయి. నేను చూసుకోలేదు.”

ఆయన చేతులు ఆగాయి. “ఎప్పుడు తెలిసింది?”

“పంతొమ్మిదిన.”

కెజియా కంచం కింద పెట్టేసింది. “మొన్నటిదాకా మా నాన్న పేరు చదివేవు కదక్కా.”

“చదివాను.”

“తెలిసే చదివేవు.”

“తెలిసే చదివాను.”

ఆ పిల్ల తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. నాకేసి చూడకుండా ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల బిందె కదిలిన చప్పుడు, నీళ్ళ చప్పుడు వినబడ్డాయి.

“తప్పయిపోయింది బాబాయ్,” అన్నాను. ఏడుపు వచ్చింది.

“ఏడవమాకు. నువ్వేడిత్తే నేను ఓదార్చాలి, ఇప్పుడు నాకా ఓపిక లేదు,” అన్నాడు ఆశీర్వాదం. కోపంగా కూడా అనలేదు. “నా కాడ చెప్పడం తేలికమ్మాయ్. నలుగురిలో పోయిన పేరు నాలుగు గోడల మధ్య తిరిగొత్తదా?”

మళ్ళీ వల తీసుకున్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 26

అంకెలు రాశాను, చదివాను. తర్వాత, “ఊరికి మచ్చ తెచ్చినవారు, గాలి కాపలా రత్నమాల,” అని మైకులో చదివాను. గుంట సంగతి, ఎండ్రకాయల సంగతి, ఆశీర్వాదం గొట్టంలో నీరు దిగి ఉండగా నేను నమ్మని సంగతి, రాజుగారి చేలో మీటరు అరిస్తే నేను కప్పిపుచ్చుకున్న సంగతి, తెలిశాక కూడా ఆయన పేరు చదివిన సంగతి, అన్నీ చెప్పాను.

జనం గుమికూడారు. పద్మనాభరాజు గారు గబగబా వచ్చి మైకు కట్టేశారు.

“ఏంటండీ రత్నమాల గారూ, ఇంత మాత్రానికి మీ పేరు మీరే చదువుకుంటారా? మనిషన్నాక పొరపాటు జరగదా? మీరొక్కరే ఎన్ని పనులని చూసుకుంటారు. మచ్చ పోయింది కదా, ఇక వదిలేద్దాం.”

“పాపం, నిజమే, పొరపాటే,” అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. “మంచి మనిషి కాబట్టి చెప్పింది.” ఒకావిడ నా భుజం నిమిరింది. అంత తేలిగ్గా క్షమించేస్తారని నేను అనుకోలేదు.  వాళ్ళ తిట్లకు సిద్ధపడి వచ్చాను గానీ, ఈ నిమరడానికి కాదు.

రేవు దగ్గర లాంచీ కట్టేసి కెజియా వచ్చి నిలబడి ఉంది. “మా నాన్నకి ఈ మాట ఎవురూ అన్లేదే?” అంది.

గట్టిగా కూడా అనలేదు. కానీ అందరికీ వినబడింది. నా భుజం మీది చెయ్యి తీసేసుకుందావిడ. పద్మనాభరాజు గారు ఏదో చెప్పబోయి కండువా సర్దుకున్నారు.

అక్కడే, అందరూ వినేలా, నస్రీన్ గారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. 

“రేపు మూస్తున్నారు ఆ తూములు,” అన్నారు ఆవిడ.

“అందుకే చేశానండీ. ముందు వాళ్ళ గ్యాసు గుంటలు చూడమనండి. మధ్యాహ్నం పూట కూడా మీటరు పట్టమనండి.”

“నిన్నగాక మొన్న సరేనన్నావు.”

“అన్నాను.”

“నీ పద్ధతి అని పైకి రాసి పంపేశాను రత్నమాలా. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?” అని విసుక్కుని, “ఆపిస్తాను. నువ్వు రేపటి నుంచి రావద్దు,” అన్నారు.

మార్చి 3

ఉద్యోగం లేదు. రాసే అలవాటు మాత్రం పోలేదు.

తూములు మూయలేదట. ఒక ఊళ్ళో గుంట గొట్టం పగిలి ఉందట, రెండో ఊళ్ళో నిజంగానే చేలలో నీళ్ళు నిలవేస్తున్నారట. నస్రీన్ గారు కబురు పంపారు. ఆ రెండో ఊరి మాట రాయకుండా వదిలేద్దామనిపించింది. రాశాను.

కొత్త గాలి కాపలాగా టీకొట్టు అతని తమ్ముణ్ణి పెట్టారు. పొద్దున గోడ దగ్గర నిలబడి విన్నాను. సేద్యం నలభైయే. ఆశీర్వాదం చేను అన్యాయంగా ఎండినా అదే నలభై, ఎండకపోయినా అదే నలభై. ప్రపంచ లెక్కలో అలాంటి వాటికి చోటు లేదు. ఆ అంకె దిగాలని నేను ఇప్పటికీ కోరుకుంటాను. దాని కోసం మా పాత ఊరు పోయింది. కానీ ఆ అంకెను దించుతున్నామన్న ధీమాతో నేను ఎవరి కేసి వేలు చూపించానో, ఎవరి గొట్టంలోకి వంగి కూడా చూడలేదో అది నాకు తెలుసు.

“తెలిసీ ఆయన పేరు నాలుగు రోజులు చదివాను, నా పేరూ అన్ని రోజులు చదవాలి కదా,” అన్నాను కొత్తతనితో.

“అబ్బే, బాగోదండీ,” అన్నాడు అతను, సిగ్గుపడి. నా బదులు అతను సిగ్గుపడ్డాడు.

మార్చి 5

రాత్రి సోమేశానికి చెప్పాను, మనకు రాబోయే రెండు వంతుల నీళ్ళూ ఆశీర్వాదం చేనుకు ఇచ్చేద్దామని. పంట ఎలాగూ పోయింది. మంచినీళ్ళు నిలగట్టి వదిలేస్తూ ఉంటే ఉప్పు కడిగిపోయి, తొలకరికైనా ఆ నేల పనికొస్తుంది.

“మన వరి పొట్ట మీదుంది. ఇప్పుడు రెండు వంతులు తప్పితే తాలుగింజలే,” అన్నాడు.

“తెలుసు.”

“నువ్వు చేసినదానికి నా పంట ఎందుకు పోవాలి?”

 పొద్దున లేచేసరికి అతను ఇంట్లో లేడు. మా చేని బోదె కాలవ కట్ట తెంచి ఆశీర్వాదం చేను వైపు మళ్ళించి, పార భుజాన వేసుకుని వస్తూ ఎదురుపడ్డాడు. నా పక్క నుంచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మార్చి 9

నాలుగు రోజుల నుంచి ఆ చేలోనే ఉంటున్నాను. నీళ్ళు పెట్టడం, పిక్క లోతు నిలవడం, ఒక పూట ఆగి మురుగు కాలవలోకి వదిలేయడం. చచ్చిన మొక్కల మొదళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటాయి. ఉప్పుకు చేతులు పేలి మండుతున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. మంచిదనుకుంటారేమోనని భయం వేస్తుంది నాకు. తల వంచుకుని పని చేసుకుంటాను.

మొదటి మూడు రోజులూ ఆశీర్వాదం చేను వైపు రాలేదు. కాలవలో వల వేసుకుంటూ కనిపించేవాడు. కెజియా లాంచీ పొద్దునా సాయంత్రమూ అటుగా పోతుంది. జనం మళ్ళీ ఎక్కుతున్నారు. నేనున్న చోటు దాటేటప్పుడు ఆ పిల్ల ముందుకే చూస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం ఆయన వచ్చాడు. గట్టు మీద చెప్పులు విడిచి చేలోకి దిగాడు. నేను మురుగు గండి దగ్గర ఉన్నాను, నీళ్ళు వదులుతూ. నేను తల ఎత్తలేదు. ఆయన నా పక్కకు వచ్చి వంగి, పోతున్న నీళ్ళు దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేశాడు.

“ఇంకా ఉప్పే,” అన్నాడు. “మళ్ళీ పెట్టు.”

నేను వెళ్ళి నీళ్ళు పెట్టాను.